పాత వంతెన మీద మొదటి హక్కు నడిచేవాళ్ళది

(యువజన శిక్షణ శిబిరంలో మాట్లాడిన మాటలకు రాత రూపం)



తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనకు తోడుగా నిలబడుతున్న మిత్రులూ! ఈ శిబిరంలో భూమి గురించి మాట్లాడుకున్నాం, అడవి గురించి మాట్లాడుకున్నాం. నేను వంతెన గురించి మాట్లాడతాను. ఇదేం పెద్ద విషయం, ఇంజనీర్లు చూసుకుంటారు కదా అని మీకు అనిపించొచ్చు. కానీ ఇది కూడా హక్కుల విషయమే. ఎలాగో చెబుతాను, వినండి.

మన ఏజెన్సీలో పాతకాలపు రోడ్లున్న చోట వాగుల మీద రాతి కమానుల వంతెనలు ఇంకా కొన్ని కనిపిస్తాయి. ఎడ్లబండి, గుర్రం, మనిషి పోవడానికి కట్టినవి. ఇవాళ అదే వంతెన మీద బైకు, షేర్ ఆటో, ఆర్టీసీ బస్సు, 108, ఇసుక టిప్పర్ అన్నీ పోతున్నాయి. వీటి మధ్యలో తల మీద మూటతో సంతకు పోయే మన అమ్మ ఉంటుంది. బడికి పోయే పిల్లలు, మేతకు పోయే పశువులు ఉంటాయి. టిప్పర్ ఎదురొస్తే పిట్టగోడకు ఒత్తుకుని నిలబడాలి. ఇలాంటి వంతెనను ఈ కాలానికి తగ్గట్టు మార్చాలి. అందులో ఎవరికీ పేచీ లేదు. ఎవరి కోసం మార్చాలి, ఎవరు నిర్ణయించాలి అన్నదే నా ప్రశ్న.

కొంచెం వెనక్కి పోదాం. నర్సీపట్నం నుంచి చింతపల్లి పోయే ఘాట్ రోడ్డు ఎట్లా పడిందో మీకు తెలుసు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ మన తాతల చేత ఆ పని చేయించాడు. చేసిన పనికి సరైన కూలి కూడా ఇవ్వలేదు. ఆ కడుపుమంట 1922లో అల్లూరి సీతారామరాజుతో కలిసి మనవాళ్ళు లేవడానికి ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో పోరాటం మొదలైంది. రోడ్డు మనవాళ్ళ చెమటతో పడింది, పడమని మాత్రం మనవాళ్ళు అడగలేదు. 1960లలో వేసిన కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం సంగతి చూడండి. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేశారు. మన కొండల్లో రోడ్డయినా రైలయినా చాలాసార్లు ముందు సరుకు కోసం వచ్చింది, మనిషి సంగతి తర్వాత. అందుకే "వంతెన వెడల్పు చేస్తున్నాం" అని ఎవరైనా అంటే సంతోషపడే ముందు ఒక్క మాట అడగాలి. ఏ బండి కోసం?

ఇప్పుడు పాత కమాను ఎలా నిలబడుతుందో చూద్దాం. ఇది తెలియకపోతే ఆఫీసులో మనం ప్రశ్న అడగలేం. కమానులో రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి. పైన పడే బరువు రాయి నుంచి రాయికి దిగి, పక్కల నుంచి పునాదికి చేరుతుంది. ఇనుము లేకుండా వందేళ్ళు నిలబడేది ఆ ఒత్తిడి వల్లనే. దీనికి ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి పైనుంచి. లెక్కకు మించిన బరువు, సందుల్లోకి దిగి సున్నాన్ని కడిగేసే వాన నీళ్ళు, రాళ్ళ మధ్య మొలిచి వాటిని విడదీసే రావి మొక్క. మీదికి మీద తారు పోస్తూ పోయినా ముప్పే. వంతెన మీద బరువు పెరుగుతుంది, పిట్టగోడ ఎత్తు తగ్గుతుంది. రెండోది కింది నుంచి. వరద పునాది కింద మట్టిని కోస్తుంది. వంతెన దగ్గర ఇసుక తవ్వితే వాగు అడుగు కిందికి దిగి, పునాది బయటపడుతుంది. పైన ఇసుక టిప్పర్ పోతోంది, కింద అదే ఇసుక పోతోంది. ఒకే వ్యాపారం వంతెనను రెండు వైపులా తింటోంది.

దేశంలో ఏం జరిగిందో చూడండి. 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది వరదలో బ్రిటిష్ కాలపు రాతి వంతెన కూలిపోయింది. ఆర్టీసీ బస్సులు జనంతో సహా కొట్టుకుపోయాయి. గుజరాత్‌లోని మోర్బీలో 19వ శతాబ్దపు వేలాడే వంతెనను బాగుచేశామని 2022 అక్టోబర్ 26న తెరిచారు. అక్టోబర్ 30న తెగిపడింది. 135 మంది చనిపోయారు. ప్రధాన తాడులో 49 తీగలుంటే 22 ముందే తుప్పుపట్టి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. కింద పలకలు కొత్తవి వేశారు, పాత తాడు అలాగే ఉంచారు. ఎంత బరువు మోస్తుందో పరీక్షించలేదు, ఒకసారి ఎంతమంది ఎక్కొచ్చో లెక్క పెట్టలేదు. 2025 జూన్ 15న పుణె దగ్గర కుండ్‌మళాలో ఇంద్రాయణి మీది ఇనుప కాలివంతెన కూలి నలుగురు పోయారు. అది ప్రమాదమని అక్కడ బోర్డు ఉంది. బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే వంతెన ఆగదు. రంగు వేసినా ఆగదు.

మంచి ఉదాహరణ కూడా ఉంది. అహ్మదాబాద్‌లో సబర్మతి మీద 1892 నాటి ఎల్లిస్ వంతెన ఇరుకైపోయింది. దాన్ని పడగొట్టకుండా 1990ల చివర ఇరుపక్కలా కొత్త వంతెనలు కట్టి బండ్లను వాటి మీదికి మళ్ళించారు. నగరంలో చేయగలిగింది కొండల్లో ఎందుకు చేయలేరు?

వంతెన కట్టడం మన జాతులకు కొత్త కాదని కూడా గుర్తుపెట్టుకోండి. మేఘాలయలో ఖాసీ, జయంతియా ప్రజలు రబ్బరు మర్రి వేళ్ళను వాగు మీదుగా అవతలి గట్టుకు పాకించి వంతెనలు పెంచుతారు. వాళ్ళు వాటిని జింగ్‌కియెంగ్ జ్రి అంటారు. మనిషి బరువు మోయడానికే ఏళ్ళు పడుతుంది. తాత పెట్టిన వేరు మీద మనవడు నడుస్తాడు. నోంగ్రియాట్‌లో ఒకదాని మీద ఒకటిగా రెండంతస్తుల వంతెన ఉంది. 2022లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. వాటిని కాపాడింది ఏ కాంట్రాక్టరూ కాదు. ఏటా వేళ్ళు సర్ది, ముడివేసి చూసుకునే ఊరు. మన దగ్గర రాతి వంతెన ఉంటే, దాన్ని చూసుకునే ఊరు కూడా ఉండాలి.

ఇక్కడ రెండు వాదనలు వస్తాయి. కొందరు "పాతది పడగొట్టి కొత్తది కట్టండి, గొడవ వదిలిపోతుంది" అంటారు. సరే, కొత్తది పూర్తయ్యే దాకా దారేది? పని మధ్యలో బిల్లు రాలేదని కాంట్రాక్టర్ వెళ్ళిపోతే మళ్ళీ డోలీ మోత మనకే. పట్నం నుంచి వచ్చే మిత్రులు కొందరు "ఎంత అందంగా ఉందో, ముట్టుకోకండి" అంటారు. అన్నా, అందం సరే, పురిటి నొప్పులతో ఉన్న మనిషిని వాన రాత్రి ఆసుపత్రికి చేర్చాలి. మనకు వంతెన ఫొటో కోసం కాదు. రెండు మాటలూ దాటి మనం అడగాల్సింది ఇది: బరువు బండ్లకు పక్కన వేరే వంతెన, పాతది నడిచేవాళ్ళకు, సైకిళ్ళకు, బైకులకు. అది వచ్చే దాకా పాత వంతెన మీద ఒక వైపు తర్వాత ఒక వైపు బండ్లు వదలాలి. నడిచేవాళ్ళకు పక్కనే విడిగా కాలిబాట వంతెన వేయాలి. దాని బరువు పాత కమాను మీద పడకూడదు. టిప్పర్‌ను ఆపడానికి ఎత్తు బారు పెడతామంటారు. జాగ్రత్త, తక్కువ ఎత్తులో పెడితే బస్సు కూడా ఆగిపోతుంది. ఆ ఎత్తు ఊరితో మాట్లాడి పెట్టాలి.

ఇక చట్టం. 1996 పెసా చట్టం ప్రకారం గ్రామ పంచాయతీ చేపట్టే అభివృద్ధి పనులకు ముందు గ్రామసభ ఆమోదం కావాలి. ఆ నిధులు సరిగా ఖర్చయ్యాయని ధ్రువీకరించేది గ్రామసభే. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి. ఇసుక చిన్న తరహా ఖనిజమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెసా నియమాలు 2011లో వచ్చాయి. "అటవీ అనుమతి రాలేదు, అందుకే వంతెన ఆగింది" అంటే ఇంకో మాట చెప్పండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో రోడ్లతో సహా 13 రకాల ప్రజా సౌకర్యాలకు అటవీ భూమి ఇచ్చే దారి ఉంది. ఒక్కో పనికి భూమి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. ఆ కాగితం మొదలయ్యేది మన దగ్గరే.

కాబట్టి మీ ఊళ్ళకు పోయాక ఈ పనులు చేయండి. ఒక సంత రోజు, ఒక మామూలు రోజు వంతెన దగ్గర కూర్చుని లెక్క రాయండి. ఎంతమంది నడిచారు, ఎన్ని బైకులు, ఎన్ని ఆటోలు, ఎన్ని టిప్పర్లు. వానలకు ముందూ తర్వాతా పునాదులు, పగుళ్ళు, పిట్టగోడ ఫొటోలు తీసి తేదీ వేసి దాచండి. ఊరి పెద్దల్ని అడిగి అత్యధిక వరద ఎక్కడిదాకా వచ్చిందో రాయి మీద గుర్తు పెట్టండి. భద్రాచలంలో గోదావరి 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. అక్కడ కొలిచే మనిషి ఉన్నాడు. మన వాగుకు మన ముసలివాళ్ళ జ్ఞాపకమే కొలబద్ద. తర్వాత సమాచార హక్కు కింద ఎస్టిమేటు, బరువు పరీక్ష రిపోర్టు అడగండి. ఇవన్నీ గ్రామసభ ముందు పెట్టి తీర్మానం రాయించండి. ఆ సభలో ఆడవాళ్ళు ముందు మాట్లాడాలి, ఎందుకంటే ఆ వంతెన మీద మూటతో ఎక్కువసార్లు నడిచేది వాళ్ళే.

మన తాతలు ఎవరి కోసమో రోడ్లు వేశారు. మనం మన కోసం వంతెన అడుగుతున్నాం. ఈ వర్షాకాలం లోపు ప్రతి ఊరి నుంచి ఒక్క లెక్కల పుస్తకం రావాలి. మావ నాటే మావ రాజ్!

జై ఆదివాసీ!