గాయపడిన ఊపిరితిత్తులకు మొక్కల రసాయనాలు

ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతినడానికి ఊపిరితిత్తుల జబ్బే కారణం కానక్కర్లేదు. న్యుమోనియాతో పాటు రక్తానికెక్కిన సెప్సిస్, క్లోమం వాపు, పెద్ద ప్రమాదంలో తగిలిన దెబ్బలు కూడా అక్కడికే దారితీస్తాయి. వాయుకోశానికీ దాన్ని చుట్టిన కేశనాళికకీ నడుమ ఉండే పొర మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. శోథ (ఇన్‌ఫ్లమేషన్) రేగినప్పుడు మాక్రోఫేజ్ కణాలు టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి సైటోకైన్లను వదులుతాయి. వాటి పిలుపుతో వచ్చిన న్యూట్రోఫిల్స్, సూక్ష్మజీవుల కోసం దాచుకున్న ఎంజైములను ఆ పొర మీదే కుమ్మరిస్తాయి. పొర కారి, మాంసకృత్తులతో చిక్కబడ్డ నీరు వాయుకోశాల్లో నిండుతుంది. ఇక ఎంత ఆక్సిజన్ పెట్టినా రక్తానికి చాలినంత అందదు.

1967లో ఆష్‌బా బృందం 12 మంది రోగుల్లో ఈ స్థితిని వర్ణించింది. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం ‘అక్యూట్ లంగ్ ఇంజరీ’ అన్న విడి పేరును తీసేసి, అంతటినీ ఏఆర్‌డీఎస్ (అక్యూట్ రెస్పిరేటరీ డిస్ట్రెస్ సిండ్రోమ్) కిందికి తెచ్చింది. జంతు ప్రయోగాల్లో పాత పేరే నడుస్తోంది. చికిత్సలో తొలి పెద్ద మేలు మందు వల్ల కలగలేదు. వెంటిలేటర్ ఇచ్చే ఊపిరిని కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కు తగ్గిస్తే మరణాలు సుమారు 40 నుంచి 31 శాతానికి దిగాయని 2000లో వెలువడిన అమెరికా పరీక్ష చూపింది.

మొక్కల మీద ఆశకు బలమైన కారణమే ఉంది. శోథ జన్యువులను మేల్కొలిపే ఎన్ఎఫ్-కప్పాబీ అనే ప్రొటీన్‌ను అణచే రసాయనాలు మన పెరటి చెట్లలోనే ఉన్నాయి. నేలవేములోని ఆండ్రోగ్రఫొలైడ్ ఆ ప్రొటీన్‌కే అంటుకుంటుంది. వేపలోని నింబొలైడ్‌పై హైదరాబాదులోని ఔషధ పరిశోధన సంస్థ నైపర్ పరిశోధకుల పత్రం 2019లో వెలువడింది.  బాక్టీరియా ఎండోటాక్సిన్‌తో గాయపరచిన ఎలుకల్లో నింబొలైడ్ న్యూట్రోఫిల్స్ రాకను తగ్గించింది. ఎన్ఎఫ్-కప్పాబీ, హెచ్‌డ్యాక్-3 అనే ఎంజైము కణ కేంద్రకంలోకి చేరకుండా ఆపింది. కణాల సొంత ఆక్సీకరణ నిరోధక ప్రొటీన్లను పెంచింది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో మందును గాయానికి ముందో, వెనువెంటనేనో ఇస్తారు. ఐసీయూకి చేరే మనిషిలో గాయమై గంటలో, రోజులో గడిచిపోతాయి. శోథ మొదలవకుండా ఆపడం వేరు, రగిలినదాన్ని అణచడం వేరు. రెండోదాన్ని చూపని రసాయనాన్ని చికిత్స అనడం తొందరపాటే.

మరో అడ్డంకి మోతాదు. పసుపులో కర్కుమిన్ అనే రసాయనం నూటికి కొద్ది పాళ్లే. తిన్నదీ రక్తంలోకి సరిగా చేరదు. మిరియాల్లోని పైపరిన్ జోడిస్తే దాని లభ్యత ఎన్నో రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు మనుషుల్లోనే చూపారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, 1992లో వెలువడిన అధ్యయనంలో, పొగతాగే 16 మందికి రోజుకు గ్రామున్నర పసుపు 30 రోజులు ఇచ్చి, వారి మూత్రంలో జన్యువులను మార్చే పదార్థాలు తగ్గడం గమనించింది. అది ఊపిరితిత్తుల గాయంపై చేసినది కాదు. అయినా మనుషుల్లో, తూచిన మోతాదుతో, పోల్చడానికి పొగతాగనివారిని పెట్టుకుని చేసిన ఆ తీరు అనుసరించదగినది.

గాయం మానేటప్పుడు కొందరిలో ఊపిరితిత్తులు గట్టిపడతాయి. శనగల్లో ఉండే బయోచానిన్-ఏ ఎలుకల్లో ఈ గట్టిపడటాన్ని తగ్గిస్తుందని హైదరాబాదు తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) పరిశోధకులు 2020లో ప్రకటించారు. ఏఆర్‌డీఎస్ నుంచి బతికి బయటపడ్డవారు నెలల తరబడి ఆయాసపడటం చూస్తే, ఈ దిశకు రావలసినంత ఆదరణ రాలేదనే చెప్పాలి.

మనుషుల పరీక్ష దాకా వచ్చిన మొక్క మందుల్లో ఒకటి కోల్చిసిన్. మన అడవినాభి దుంపలో, గింజల్లో ఉండే ఈ మందును కోవిడ్ రోగులపై పరీక్షించడానికి 2021లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్, హైదరాబాదులోని లక్సాయ్ కంపెనీ అనుమతి పొందాయి. ఐఐసీటీ అందులో భాగస్వామి. బ్రిటన్ ఆధ్వర్యంలో 11,340 మందితో జరిగిన రికవరీ పరీక్షలో మాత్రం మందు వాడినా వాడకపోయినా మరణాలు 21 శాతమే. అదే రికవరీలో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను 41 నుంచి 29 శాతానికి తగ్గించింది. స్టెరాయిడ్ల పరిశ్రమకు తొలి ముడిసరుకుల్లో ఒకటి మెక్సికో అడవి పెండలం. 1940లలో రసెల్ మార్కర్ ఆ దుంపలోని డయోస్జెనిన్‌ను ప్రొజెస్టిరాన్‌గా మార్చాడు. మొక్కను రసాయనశాస్త్రం మార్చి మందుగా నిలబెట్టే దారి అది. వేప, నేలవేముల రసాయనాలు కూడా ఇకపై డెక్సామెథసోన్ అందుకుంటున్న రోగికి అదనంగా ఏం మేలు చేస్తాయో చూపాలి.