రాగిరేకుపై వెలుగునీడలు



ఉద్యోగరీత్యా సూరతు చేరిన మనలో పలువురు కతార్‌గామ్ దర్వాజా చేరువనున్న ఆంగ్లేయుల, డచ్చివారల పాత సమాధులను చూచియుందురు. 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సిండెన్, 1669లో మరణించిన అతని సోదరుడు సర్ జార్జి అచ్చట ఒకే గుమ్మటపు నిర్మాణమున విశ్రమించుచున్నారు. 1691లో మరణించిన డచ్చి అధికారి వాన్ రీడ్ సమాధియు ఇచ్చటనే యున్నది. మలబారు మొక్కలను గూర్చి ఆయన వెలయించిన పన్నెండు సంపుటముల గ్రంథములోని చిత్రములు రాగిరేకులపై చెక్కి అచ్చొత్తినవి.

రాగిరేకు చిత్రములలో ఎచింగ్ అనునది యొక విధము. నునుపైన రేకుపై మైనపు పూత పూసి సూదితో గీతలు గీయుదురు. పూత తొలగినచోట మాత్రమే ఆమ్లము రాగిని తినును. పిదప గీతలలో సిరా నింపి, పైభాగము తుడిచి, తడికాగితముపై యంత్రముతో ఒత్తుదురు. ఆమ్లమున ఎక్కువసేపు నిలిచిన గీత లోతై నల్లబడును. వెలుగునకు వేరు రంగు లేదు. గీయక విడిచిన కాగితమే వెలుగు.

నీడ యెట్లు కలుగును? సూరతు మగ్గములపై జీవించు మన పద్మశాలి సోదరులకు వివరింప బనిలేదు. పడుగుపేకలు దగ్గరైనకొలది వస్త్రము చిక్కనగునట్లు, గీతలు ఒండొంటిని దాటినకొలది నీడ చిక్కనగును. కాని కమాను లోపలిభాగమును పూర్తిగా నలుపు చేయరాదు. ఎండ నేలపైబడి మరలి ఆ నీడలోనికి సన్నని వెలుగును పంపును. ఆ వెలుగును విడిచినగాని కమానునకు లోతు రాదు. రోమునగరపు శిథిలములను చిత్రించిన పిరనేసి (1720-1778) ఎచింగులకు ఈ లోతే ప్రాణము. సర్ జార్జి మరణించిన 1669లోనే కన్నుమూసిన రెంబ్రాంటు ఈ విద్యకు మహాచార్యుడు. మొగలు చిత్రములను చూచి ఆతడు వ్రాసిన చిత్రములును నిలిచియున్నవి.

ఈ విషయమును ఇచ్చట ప్రస్తావించుటకు కారణము కలదు. గుమ్మటపు అంచున గచ్చు రాలినచో, ఆ అంచు వేయు నీడయు పోవును. నీడతోపాటు శిల్పి యుద్దేశించిన రూపమే చెదరును. కొలతల పటము ఎత్తును వెడల్పును జెప్పును, ఈ నష్టమును జెప్పజాలదు. ఈ సమాధులు కేంద్రప్రభుత్వ పురావస్తుశాఖ రక్షణలోనున్నవి. అయినను, చూడనేర్చిన కన్నులు లేనిచోట శాఖ యొక్కటియే యేమి చేయగలదు?

కావున మన పిల్లలకు పెన్సిలు, కాగితము నిచ్చి అచ్చటికి గొనిపొండు. ఒకే కమానును ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి గీయనిండు. సెలవులలో స్వస్థలమున కేగినపుడు భీమునిపట్టణమునందలి డచ్చి సమాధులకడను ఇట్లే చేయింపుడు. ఆ కాగితములు కట్టడములకు సాక్ష్యములగును.