పిస్తోలు ధరించువాని బాధ్యత

మన యిండ్లలో అమెరికా మాట రాని దినము నేడు అరుదు. కుమారుడో, కుమార్తెయో, అన్నగారి పిల్లలో, ఎవరో ఒకరు ఆ దేశమున చదువుకొనుచునో ఉద్యోగము చేయుచునో ఉన్నారు. అక్కడి చలిని గూర్చి, జీతములను గూర్చి, విశాలమైన రహదారులను గూర్చి మనము తరచు వినుచున్నాము. కాని అక్కడి అంగడిలో మనవారి ప్రక్కన నిలిచి కూరలు కొనుచున్న పెద్దమనిషి నడుమున, చొక్కా మాటున, తూటాలు నింపిన పిస్తోలు ఉండవచ్చునన్న సంగతి విన్నపుడు మాత్రము మనసు ఒక్కింత ఉలికిపడును. అది అక్కడ నేరమా? చాల రాష్ట్రములలో కాదు. అతడు దుర్మార్గుడా? సాధారణముగా కాదు. అట్లయిన అతడు ఏ నియమములకు కట్టుబడి మెలగవలెను? ఈ ప్రశ్నను గూర్చియే నేడు కొంత విన్నవించెదను.

అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేర్చబడిన రెండవ సవరణ, ఆయుధములు కలిగియుండుటకును ధరించుటకును ప్రజలకు గల హక్కును పేర్కొనుచున్నది. అయినను ఆయుధమును దాచి ధరించుటను ఆ దేశము మొదట మెచ్చుకొనలేదు. 1813లోనే కెంటకీ, లూసియానా రాష్ట్రములు దాచిన ఆయుధములను నిషేధించుచు చట్టములు చేసినవి. బాహాటముగా ధరించువాడు మర్యాదస్థుడు, దాచువాడు దురుద్దేశము కలవాడు అన్నది నాటి భావన. కాలక్రమమున ఇది తలక్రిందులైనది. నగరములు పెరిగినకొలది నలుగురిలో తుపాకి కనబడుటయే భయకారణమైనది. కనబడనీయకుండుటయే మర్యాద అయినది. 1987లో ఫ్లోరిడా రాష్ట్రము, నిర్ణీతమైన అర్హతలు కలవారికి లైసెన్సు నిరాకరింపరాదని చట్టము చేసినది. అనేక రాష్ట్రములు ఆ త్రోవనే నడచినవి. అన్నిటికంటె చివరగా 2013లో ఇల్లినాయి రాష్ట్రము కూడ అనుమతించినది. 2022 జూనులో ఆ దేశపు సుప్రీముకోర్టు, ఇంటి వెలుపల ఆత్మరక్షణార్థము చేతి తుపాకి ధరించుట రాజ్యాంగసిద్ధమైన హక్కని తీర్పు చెప్పినది. నేడు సగమునకు పైగా రాష్ట్రములలో అందులకు లైసెన్సే అక్కరలేదు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. న్యూయార్కు రాష్ట్రము లైసెన్సు కోరువాడు 16 గంటలు తరగతిలో కూర్చుండి పాఠము వినవలెననియు, మరి 2 గంటలు కాల్పుల శిక్షణ పొందవలెననియు విధించుచున్నది. టెక్సాసులోనో, 2021 నుండి, 21 సంవత్సరములు నిండి చట్టరీత్యా అనర్హుడు కాని వ్యక్తి శిక్షణ యేమియు లేకయే పిస్తోలు ధరింపవచ్చును. చట్టము ఒకచోట 18 గంటలు కోరును, మరియొకచోట ఒక నిమిషమైనను కోరదు. తూటా మాత్రము రెండుచోట్లను ఒక్కటే, గాయమును ఒక్కటే. కావున చట్టము అడుగక విడిచినదానిని ధరించువాడు తనంతట తానే పూరించుకొనవలసియున్నది.

మొదట దుస్తుల మాట. పిస్తోలును తాళపుచెవులతో, చిల్లర నాణెములతో కలిపి జేబులో పడవేసికొనుట ఘోరమైన అజాగ్రత్త. దానికి తగిన ఒర ఉండవలెను. ఆ ఒరకు మూడు గుణములు కావలెను. ఒకటి, ట్రిగ్గరును పూర్తిగా కప్పవలెను. రెండు, వంగినను పరుగెత్తినను పిస్తోలు జారకుండ పట్టియుంచవలెను. మూడు, పిస్తోలును తీసిన పిదప కూడ దాని నోరు ముడుచుకొనక నిలువవలెను. మెత్తని గుడ్డ ఒరలు, పాతబడి నలిగిన తోలు ఒరలు పనికిరావు. నలిగిన తోలు అంచు లోపలికి మడతపడి, పిస్తోలును ఒరలోనికి నెట్టుచుండగా ట్రిగ్గరును నొక్కిన సందర్భములు కలవు. కోటు అంచున వ్రేలాడు త్రాడులు, చొక్కా చెంగులు కూడ ఇట్టి ప్రమాదమునే తెచ్చును. అందుచేత అనుభవజ్ఞులు ఒక మాట చెప్పుదురు: ఒరనుండి తీయుటలో తొందర అవసరము కావచ్చును గాని, తిరిగి పెట్టుటలో తొందర ఎన్నడును అవసరము కాదు. బట్టను ప్రక్కకు తొలగించి, కంటితో చూచి, నిదానముగా పెట్టవలెను.

తూటాలతో కూడిన పిస్తోలు అర కిలో మొదలు దాదాపు కిలో వరకు తూగును. మామూలు బెల్టు ఆ బరువునకు క్రిందికి జారును. దళసరిగా, గట్టిగా కుట్టిన బెల్టు కావలెను. ఒరను నడుము లోపలివైపు పెట్టుకొనువారు రెండంగుళములు వదులైన పంట్లామును కుట్టించుకొందురు లేక కొనుక్కొందురు. పైచొక్కా కొంచెము పొడవుగా, వదులుగా ఉండవలెను. పలుచని తెల్లబట్టపై పిస్తోలు ఆకారము తేలును. ముదురు రంగులు, గళ్లు, పూవుల అచ్చులు కల బట్టలు దానిని మరుగుపరచును. చేతులెత్తి పై అరలోని వస్తువును అందుకొనునపుడు చొక్కా పైకి లేచును. నేలమీది వస్తువునకై నడుము వంచినపుడు వెనుక ఉబ్బెత్తుగా కనబడును. అందుచేత మోకాళ్లు వంచి కూర్చుండి తీసికొనుట అలవరచుకొనవలెను. ఇంట అద్దము ముందు నిలిచి, కూర్చుండి, వంగి చూచుకొనిన పిమ్మటనే వీథిలోనికి పోవలెను. పోయిన పిదప పదేపదే తడిమిచూచుకొనరాదు. ఆ చేయియే రహస్యమును బయటపెట్టును.

దాచుటలో ఇంత శ్రద్ధ యెందులకని మీరు అడుగవచ్చును. చుట్టునున్నవారిని భయపెట్టకుండుట ఒక కారణము. మరియొకరు దానిని లాగికొనుటకు అవకాశమియ్యకుండుట రెండవ కారణము. ముఖ్యమైనది మూడవది: కనబడు ఆయుధము మాటలాడకయే బెదిరించును. బెదిరించుటకు పిస్తోలు ధరించువాడు ఆత్మరక్షణార్థము ధరించినవాడు కాడు.

స్త్రీల దుస్తులలో బెల్టునకు, ఒరకు తావు తక్కువ. అందుచేత కొందరు చేతిసంచిలో పెట్టుకొందురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. సంచిని మనము కుర్చీపై పెట్టుదుము, బండిలో పెట్టుదుము, ఒక క్షణము మరచిపోవుదుము. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రమున ఒక పెద్ద అంగడిలో, రెండేండ్ల బిడ్డ తల్లి సంచిలోని పిస్తోలును అందుకొనగా అది పేలి ఆ తల్లి అక్కడికక్కడే మరణించినది. ఆ సంచి పిస్తోలు పెట్టుకొనుటకు ప్రత్యేకమైన అర కల సంచియే. వస్తువు మంచిదైనంత మాత్రమున చాలదు. ఆయుధము ధరించినవారి అదుపునుండి ఒక్క క్షణమైనను తొలగరాదన్నది దీనివలన తెలియుచున్నది.

ఇక శిక్షణ. అమెరికా మెరైను దళమున అధికారిగా పనిచేసిన జెఫ్ కూపరు 1976లో అరిజోనా రాష్ట్రమున ఒక శిక్షణాలయమును నెలకొల్పెను. ఆయన బోధించిన నాలుగు సూత్రములు నేడు లోకమంతట పాఠములైనవి. ప్రతి తుపాకియు తూటాలతో నిండియున్నదనియే భావింపవలెను. నాశనము చేయుటకు సిద్ధపడని దేనివైపునకును గొట్టము త్రిప్పరాదు. గురి కుదురువరకు వ్రేలు ట్రిగ్గరుపై ఉంచరాదు. గురి ఏదియో, దాని వెనుక ఏమున్నదో నిశ్చయముగా ఎరిగియుండవలెను. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినను తక్కినవి ప్రాణము కాపాడును. ఒకటికి మించి తప్పినపుడే సాధారణముగా ప్రాణము పోవును.

మొదటి సూత్రమునకు ఒక వివరణ అవసరము. నేటి పిస్తోళ్లలో తూటాలు పిడిలో అమరు మేగజీను అనెడి చిన్న పెట్టెలో ఉండును. ఆ పెట్టెను తీసివేసిన యెడల పిస్తోలు ఖాళీ అయినదని క్రొత్తవారు భ్రమపడుదురు. కాని అంతకుముందే గొట్టము మొదట చేరియున్న తూటా ఒకటి అక్కడనే నిలిచియుండును. ఖాళీ అనుకొన్న తుపాకి పేలినదని పత్రికలలో చదువునపుడు చాలసార్లు కారణము ఇదియే. మొదట మేగజీనును తీసి, తరువాత పై స్లైడును వెనుకకు లాగి, లోపలి తావును కంటితో చూచి, వ్రేలితో తడిమి, అప్పుడే ఖాళీ అని చెప్పవలెను. ఇంట అభ్యాసము చేయువారు తూటాలనన్నిటిని వేరొక గదిలో పెట్టివచ్చి మరి మొదలిడవలెను.

కాల్పుల మైదానములో కదలని కాగితముపై గురి కుదిరినంతనే శిక్షణ పూర్తికాదు. ఆపద వేళ గుండె దడదడలాడును, వ్రేళ్లు వణకును, చూపు ఇరుకగును. 9 మిల్లీమీటర్ల తూటా మామూలు యింటి పలుచని గోడను దాటి అవతలి గదిలోనికి పోగలదు. గురి తప్పిన ప్రతి తూటాకును కాల్చినవాడే జవాబుదారి. నేర్చిన విద్య విడిచిన తుప్పుపట్టును గనుక అభ్యాసము ఏటేట, నెలనెల సాగవలెను. గాయము చేయగల సాధనమును మోయువాడు గాయమునుండి కారు నెత్తురును ఆపుటకు కట్టుకట్టుట కూడ నేర్చియుండవలెను.

శిక్షణలో అన్నిటికంటె కష్టమైన భాగము కాల్చకుండుటను నేర్చుట. ప్రాణమునకు గాని, ఘోరమైన శరీరహానికి గాని తక్షణమే సంభవింపనున్న ముప్పు తప్పించుకొనుటకు మాత్రమే ప్రాణాంతకమైన బలమును ఉపయోగింపవచ్చునన్నది అక్కడి చట్టములకు స్థూలముగా మూలసూత్రము. పోయిన పర్సు కొరకు, పడిన మాట కొరకు, బండి నిలుపు తావు కొరకు కాదు. కావున పిస్తోలు ధరించిననాడు మనిషి ఇతరులకంటె ఎక్కువ మాటలు పడి ఊరకుండవలెను. మద్యము ముట్టరాదు. కోపముతో ఇల్లు కదలరాదు. పోకుండ మానదగిన చోటికి ఆయుధము ఉన్నదన్న ధైర్యముతో పోరాదు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అన్న మన పెద్దల మాట ఇక్కడ అక్షరాల వర్తించును. దారిలో పోలీసు అధికారి బండి నాపినపుడు చేతులు రెండును కనబడునట్లు ఉంచి, ఆయుధమున్న సంగతి నెమ్మదిగా మాటతో తెలుపవలెను, చేతితో చూపబోరాదు. కొన్ని రాష్ట్రములలో ఇట్లు తెలుపుట చట్టము విధించిన కర్తవ్యము.

ధరించి పోరాని తావులు కూడ కలవు. బడులు, న్యాయస్థానములు, తపాలా కార్యాలయములు, విమానాశ్రయపు తనిఖీ ద్వారములు అట్టివి. 2024 ఒక్క సంవత్సరములోనే అమెరికా విమానాశ్రయముల తనిఖీలో 6,678 తుపాకులు పట్టుబడినవి. వానిలో నూటికి తొంబదికి పైగా తూటాలతో నిండియున్నవే. పట్టుబడినవారిలో పలువురు చెప్పు మాట, సంచిలో ఉన్నదని మరచితిమని. మరువదగిన వస్తువు కాదది.

ఇల్లు చేరిన తరువాత బాధ్యత తీరలేదు, పెరిగినది. బండిలో విడిచిన పిస్తోలు దొంగల చేతికి చిక్కును, దిండు క్రింద పెట్టినది పిల్లల చేతికి చిక్కును. మరియొక విషాదము కలదు. 2021లో ఆ దేశమున తుపాకులవలన మరణించిన 48,830 మందిలో 26,328 మంది ఆత్మహత్య చేసికొన్నవారు. బయటి దొంగకై తెచ్చిన ఆయుధము, ఇంటిలోని వ్యక్తి దుఃఖవేళలో అతని చేతికే అందుచున్నదన్నమాట. కావున తాళము వేయదగిన ఇనుపపెట్టె పిస్తోలుతో కూడ కొనవలసిన వస్తువు. ఇంట ఎవరైనను మనోవ్యథలో ఉన్నపుడు ఆయుధమును కొంతకాలము ఇంటినుండియే తొలగించుట వివేకము.

మన పిల్లలకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట ఒకటి కలదు. విద్యార్థి వీసాపై గాని, హెచ్-1బి వంటి తాత్కాలిక ఉద్యోగ వీసాపై గాని ఉన్నవారు తుపాకిని, తూటాను కలిగియుండుట అమెరికా కేంద్ర చట్టము ప్రకారము నేరము. వేట లైసెన్సు వంటి కొలది మినహాయింపులు మాత్రమే కలవు. స్నేహితుని పిస్తోలును తన గదిలో దాచియుంచుట కూడ చదువునకు, భవిష్యత్తునకు ముప్పు తెచ్చును. శాశ్వత నివాసము పొందినవారికి ఆ నిషేధము లేదు. కాని స్వదేశమునకు వచ్చునపుడు సంచి మూలల వెదకుకొనవలెను. మన 1959 నాటి ఆయుధచట్టము తూటాకు కూడ లైసెన్సు కోరును.

మన దేశమున లైసెన్సుతో పిస్తోలు ఉన్నవారికిని నియమములు కలవు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారము చేతి తుపాకిని బహిరంగ స్థలమునకు తీసికొనిపోవువాడు దానిని ఒరలో ఉంచి, పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకొనవలెను. పెండ్లిండ్లలో, ఊరేగింపులలో వేడుకకై అజాగ్రత్తగా కాల్చుటను 2019 నాటి సవరణ శిక్షార్హము చేసినది. రెండు దేశముల చట్టములలో ఎంతో భేదమున్నను ధరించువాడు ఈ ఒక్క విషయమును మరువరాదు: ఆయుధము ప్రదర్శనకు కాదు.

హక్కును చట్టము ఇచ్చును, ఓర్పును ఇయ్యజాలదు. ఏండ్లతరబడి పిస్తోలు ధరించి, ఒక్కనాడైనను దానిని ఒరనుండి తీయు అవసరము కలుగకుండ బ్రదికినవాడు దానిని వ్యర్థముగా మోసినవాడు కాడు. అతనికి అబ్బిన నిదానము, ముందుచూపు, మాట పడి తొలగిపోగల నిబ్బరము అతనిని కాపాడినవి. అవి పిస్తోలు లేనివారికిని లైసెన్సు లేకయే లభించునవి.