చెఱువున జేరు పురుగుమందు

చెఱువును, వలను నమ్ముకొన్న మన కులమువారికి పైరుపై జల్లు మందుతో నేమి పని యని కొంద ఱడుగవచ్చును. చేలలోని నీరు మన చెఱువులకే వచ్చుచున్నది గదా!

డాల్మేషియా చేమంతిపూల పొడియందలి విషము ఎండకు త్వరగా చెడిపోవును. దానిని బోలియుండియు ఎండకు నిలుచు పెర్మెత్రిన్‌ను 1973లో ఇంగ్లండునందలి రోథాంస్టెడ్ పరిశోధనశాలలో మైకేల్ ఎలియట్ మొదలగువారు వెలువరించిరి. పిదప సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్‌లు వచ్చినవి. ఇవి నరములలో సోడియము ప్రవేశించు ద్వారములను మూసికొననీయవు. పురుగు గడగడ వణకి చచ్చును. మనుష్యుని కాలేయము వీనిని వేగముగ విఱిచివేయును. చేపకు ఆ శక్తి మిక్కిలి తక్కువ. లీటరు నీటిలో కొలది మైక్రోగ్రాములే దానికి మృత్యువు. (పిల్లికిని పెర్మెత్రిన్ ప్రాణాంతకమే, పిల్లులను సాకువారు గుర్తుంచుకొనవలెను.)

ఇవి డి.డి.టి. వలె ఏండ్లతరబడి నిలుచునవి కావు. అయినను క్రొవ్వున గరగునవి గనుక మాటిమాటికి వచ్చి చేరినచో దేహమున నిలువయగును. 2012లో ప్రకటింపబడిన పరిశోధనయందు బ్రెజిలు తీరపు డాల్ఫినుల కాలేయములలో నివి కనబడినవి. తల్లినుండి పిల్లకును సంక్రమించినవి.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిచేలలో పచ్చపురుగు ఈ మందులకు లొంగకపోగా రైతులు మఱింత కొట్టిరి. రైతును దూషింప మేము రాలేదు. అతడును మనవంటి కష్టజీవియే. మందుకొట్టిన పంపును కాలువలో కడుగవలదని యతనిని బ్రతిమాలుకొందము. కాని చేపపేను చచ్చుటకై చెఱువులోనే సైపర్‌మెత్రిన్ పోయువారు మనలోను గలరు. ఆ సంగతి ముందుగ నీ సభలోనే తేల్చుకొనవలసియున్నది.