కళాకారుడూ, విమర్శకుడూ



కళాకారుడికీ విమర్శకుడికీ మొదటినుంచీ చుక్కెదురే. పాడలేనివాడు తప్పులెంచుతాడని ఒకరి బాధ. మెప్పు తప్ప మరొకటి చెవికెక్కదని రెండవవారి బాధ.

నిరుడు మన ఉగాది నాటకంలో నేనొక వేషం వేశాను. మరునాడు ఒక పెద్దాయన, "రాగం బాగా తీశావు నాయనా, పద్యంలో మాట ఒక్కటీ తెలియలేదు" అన్నారు. మూడు నెలలు ఆయన ఎదురైతే సందు మళ్లాను. తీరా ఇంట్లో అడిగితే, వెనుక వరసలో కూర్చున్న మా ఆవిడకూ తెలియలేదట!

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో 'కవిత్వతత్త్వ విచారము' ప్రకటించి ప్రబంధాలను నిలదీస్తే పండితులు మండిపడ్డారు. కాని ఆయన అంతకుముందే 'ముసలమ్మ మరణము' రచించిన కవి. మన పొరుగున మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుండి తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై విమర్శ రాశారు. అన్నమాచార్యుల కీర్తనలకు స్వరాలూ కూర్చారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీవారి 'సంగీత కళానిధి' అయ్యారు. తూచే చెయ్యీ, పాడే గొంతూ ఒకరివే.

కనుక విమర్శకులకు నా మనవి: చివరిదాకా వినండి, తప్పు ఎక్కడుందో చూపండి. తోటి నటులకు మనవి: కోపం చల్లారాక ఆ మాటను మళ్లీ తలచుకోండి. పరాయి ఊళ్లో మన పద్యం విని, తప్పు దిద్దగలవారు ఎందరున్నారు? వారినీ దూరం చేసుకుంటే మిగిలేవి చప్పట్లే.

ఈ ఏడూ వేషం వేస్తున్నాను. ఆ పెద్దాయనను వెనుక వరసలో కూర్చోమని నేనే వెళ్లి పిలిచి వచ్చాను.