ఉంచుకునేవి, వదులుకునేవి

(కోల్‌కతాలో మన బ్యాంకు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో మొదట వినిపించే మాట, "ఈ సామానంతా ఏం చేద్దాం?" విశాఖలో విప్పని అట్టపెట్టె హైదరాబాద్ వెళ్తుంది. అక్కడా విప్పకుండానే వచ్చి కోల్‌కతాలో దిగుతుంది. బ్యాంకులో వాయిదా 90 రోజులు దాటితే ఆ అప్పును నిరర్థక ఆస్తి అంటాం. ఇంట్లో మాత్రం తొమ్మిదేళ్లుగా కదలని వస్తువుకి కూడా "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అని రెన్యువల్ ఇస్తూనే ఉంటాం!

వదులుకోలేకపోవడానికి కారణం వస్తువు మీద ప్రేమ ఒక్కటే కాదు. మనకి ఏది ముఖ్యమో తేల్చుకోకపోవడం.

ఈ ఊరి ఉదాహరణే చెప్తాను. 1964లో బొంబాయి వచ్చిన పోప్ ఆరవ పాల్, వెళ్తూ తాను వాడిన ఖరీదైన కారును మదర్ థెరీసాకు ఇచ్చారు. ఆవిడ దాన్ని ఉంచుకోలేదు. లాటరీ పెట్టి, వచ్చిన సొమ్మును కుష్ఠు రోగుల సేవకు వాడారు. 1979లో నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు కూడా విందు వద్దని, ఆ ఖర్చు పేదలకి ఇమ్మని కోరారు. మనం సంసారులం, అంతదూరం వెళ్లలేం. కానీ ఒకటి గమనించండి. తన జీవితం ఎవరికోసమో ఆవిడ ముందే తేల్చుకున్నారు. కాబట్టి కారు ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న కాలేదు.

మన విలువలేమిటని అడిగితే కుటుంబం, ఆరోగ్యం, పిల్లల చదువు అని టక్కున చెప్తాం. ఒకసారి మూడు నెలల ఖాతా స్టేట్‌మెంట్, గడిచిన వారం దినచర్య పక్కపక్కన పెట్టుకుని చూడండి. డబ్బు ఎటు పోయింది? సాయంత్రాలు ఎటు పోయాయి? ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో ఎన్ని నిమిషాలు మాట్లాడాం? నోటితో చెప్పే విలువలకీ, ఇక్కడ కనిపించే విలువలకీ ఉన్న తేడాయే అసలైన చెత్త.

కిందటి బదిలీకి లారీలో చోటు చాలకపోతే మా ఆవిడ, "సోఫా వదిలేద్దాం, వీణ మాత్రం వదలను" అంది. ఆ ఒక్క మాటతో మా ఇంటి పద్దులో ఏది ముందో తేలిపోయింది. ఇప్పుడు సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో టీవీ ఉండదు, వీణ ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఎవరి వస్తువు సంగతి వాళ్లే తేల్చాలి. అత్తగారి ఇత్తడి బిందె మనకి అడ్డం కావచ్చు, ఆవిడకి అది పుట్టిల్లు.

కాగితాల సంగతీ చూడండి. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుందని, తర్వాత కూడా క్లెయిమ్ చేసుకోవచ్చని కస్టమర్లకు మనమే చెప్తాం. మరి మన ఇంటి పాత పాస్‌బుక్కులు, నామినేషన్లు సరిగ్గా ఉన్నాయా? మనం లేనినాడు మనవాళ్లు బీరువా ముందు కూర్చుని వెతుక్కోకూడదు అనుకోవడం కూడా ఒక విలువే.

వచ్చే ఆదివారం ఇల్లంతా వద్దు, బీరువాలో ఒక్క అర ఖాళీ చేయండి. ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని, "ఇది ఎవరికోసం, దేనికోసం?" అని ఇంటిల్లిపాదీ కలిసి అడగండి. జవాబు ఉన్నవి అరలోకి, లేనివి అవసరమున్నవాళ్ల ఇంటికి. సాయంత్రానికి అరలో మిగిలినవి చూస్తే మీకు ఏది ముఖ్యమో మీకే తెలుస్తుంది.