ముద్ద దిగనప్పుడు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పండుగ పూట జబ్బు మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. కాని తీపితోపాటు చేదును కూడా చేయి చాచి పుచ్చుకునే పండుగ మనది. ఆ ధైర్యంతో అన్నవాహికకు వచ్చే కాన్సరును గురించి రెండు మాటలు మనవి చేస్తాను.

అన్నవాహిక అంటే మింగిన ముద్దను కడుపులోకి చేర్చే గొట్టం. పెద్దవారిలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవుంటుంది. దానికి సాగే గుణం వున్నది. ఆ గుణమే మనలను మోసపుచ్చుతుంది. లోపల కంతి పెరుగుతున్నా కొంతకాలం అది సాగి దారి ఇస్తూనే వుంటుంది. దారి బాగా ఇరుకైన తరువాతనే మనిషికి తెలిసివస్తుంది. మొదట గట్టి ముద్ద అడ్డుపడుతుంది. తరువాత మెత్తని అన్నం, ఆ తరువాత గంజి, చివరకు మంచినీళ్లు కూడా దిగవు. ఈలోగా మనిషి చిక్కిపోతాడు. 2022లో ప్రపంచం మొత్తం మీద 5 లక్షలకు పైగా మందికి యీ జబ్బు కొత్తగా వచ్చిందనీ, సుమారు 4 లక్షల 45 వేలమంది దీనివల్ల మరణించారనీ అంచనా. ఇంత నష్టానికి ఒక ముఖ్యకారణం ఆలస్యం.

ఆ ఆలస్యం చాలాసార్లు ఇంట్లోనే మొదలవుతుంది. ముద్ద దిగడం లేదని మామ్మగారు అంటే, నిదానంగా నమిలి తినమంటాము. ఆవిడ ఎవరికీ చెప్పకుండా మజ్జిగన్నానికి దిగుతుంది. ఆడవారు ఆఖరున తినే ఇళ్లలో వారేమి తిన్నారో చూసేవారుండరు. మనవంటి ప్రవాస కుటుంబాలకు మరొక చిక్కు కూడా వున్నది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆస్పత్రి కాగితం మీద ఇంగ్లీషు. మామ్మగారి “ముద్ద దిగడం లేదు” డాక్టరుగారి చెవికి చేరేసరికి “గొంతునొప్పి” అయి కూర్చుంటుంది. గొంతునొప్పికి మందు వాడుతూ నెలలు గడిచిపోతాయి.

కాబట్టి మింగడం కష్టమై రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, నొప్పి లేకపోయినా సరే, డాక్టరుకు చూపించాలి. దీపం గల సన్నని గొట్టాన్ని నోటిగుండా పంపి లోపల చూస్తారు; దీనినే ఎండోస్కోపీ అంటారు. అనుమానమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. పొగాకు, మద్యం, వక్క యీ జబ్బుకు తోడ్పడతాయి. పొగాకూ మద్యమూ కలిస్తే అపాయం మరీ పెరుగుతుంది. ఏళ్ల తరబడి వుండే పులితేన్పులను కూడా ఉపేక్షించరాదు. అయితే ఏ అలవాటూ లేనివారికి కూడా ఇది రావచ్చును. అందుచేత రోగిని నిందించడం తగదు.

సేవాభావంతో ఎంత పని జరుగుతుందో చెన్నపట్నంలో వున్న మనకు వేరే చెప్పనక్కరలేదు. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి సోదరి 1923లో కాన్సరుతో మరణించారు. ఆ దుఃఖాన్ని ఆమె వూరికే పోనివ్వలేదు. భారత మహిళా సంఘం అండతో, విరాళాలు పోగుచేసి, 1954లో అడయారులో 12 పడకలతో కాన్సరు ఆస్పత్రిని ప్రారంభింపజేశారు. మరుసటి సంవత్సరం అక్కడ చేరిన డాక్టరు శాంతగారు 2021లో కన్నుమూసేవరకు ఆ సంస్థకే అంకితమైనారు.

వైద్యం డాక్టర్ల పని. తోడుండడం మన పని. 1985లో ఇంగ్లండులో యీ జబ్బునుండి బయటపడినవారే ఒక సంఘంగా ఏర్పడి కొత్త రోగులకు అండగా నిలిచారు. ఆపరేషనులో సాధారణంగా అన్నవాహికలో చాలాభాగం తీసివేసి, కడుపునే గొట్టంలా మలచి పైకి కలుపుతారు. ఆ తరువాత కొంచెం కొంచెంగా పలుమార్లు తినాలి, తిన్న వెంటనే పడుకోరాదు, తలవైపు ఎత్తు పెట్టుకోవాలి. ఇవి డాక్టరుగారు చెప్పగలరు. కాని పెళ్లి పంక్తిలో నాలుగు ముద్దలకే లేచిపోవలసివస్తే పడే సిగ్గును ఎలా దాటాలో, దాటినవారే చెప్పగలరు. జబ్బు నయంకాని స్థితిలో కూడా లోపల స్టెంటు అనే వలగొట్టం అమర్చి మళ్లీ కొంత ఆహారం దిగేటట్టు చేసే అవకాశం వున్నది. ఇక చేసేదేమీ లేదని ఇంటికి తెచ్చి కూర్చోబెట్టేముందు ఆ సంగతి అడగండి.

మన సంఘాన్ని నేను కోరేవి మూడే. తెలుగూ తమిళమూ వచ్చినవారు కొందరు పేర్లిచ్చి, రోగితో ఆస్పత్రికి వెళ్లి మాట మారకుండా చెప్పాలి. జబ్బు గుర్తులను తేలిక తెలుగులో ఒక కరపత్రంగా అచ్చువేసి ఇంటింటికీ పంచాలి. నెలకొకసారి యీ గదిలోనే రోగులూ, వారి కుటుంబాలూ కలుసుకునే ఏర్పాటు చేయాలి. వీటికి డబ్బు కొంచెమే కావాలి, మనుషులే ఎక్కువ కావాలి.

ఇప్పుడు భోజనాలకు లేస్తున్నాము. వడ్డించేవారు ఒక్క పని చేయండి. ఏ పెద్దవారి విస్తరిలో అన్నం అలాగే మిగిలిపోయిందో గమనించి, మెల్లగా పక్కకు పిలిచి కారణం అడగండి.